మృగశిర దాకా ఈ కొలను

భరణి కార్తె, మొదట్లో

ఈ రాతపెట్టెను తెచ్చి కొలను గట్టు మీద పెట్టి పోయారు. తోటపని చేసేవాళ్లంతా ఇకనుంచి ఏ రోజు ఏం చేశారో దీనికి నోటితో చెప్పాలట, అదే రాసుకుంటుందట. రాసుకుంటుంది, కాదనను. కానీ "ఏం జెప్పాలె నీకు, నా తలకాయ" అని నేనంటే "నీకు ఏమి చెప్పాలి" అని పుస్తకాల తెలుగులోకి దిద్ది చూపించింది. తలకాయ తీసేసింది. నేను ఎవరితోనైనా అన్న మాటలూ, వాళ్లు నాతో అన్న మాటలూ మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుందట. అంటే ఊరంతా మామూలుగా మాట్లాడుతుంది, మధ్యలో నేను పంతులమ్మలా వ్యాఖ్యానం చెబుతూ ఉంటాను. సరే, కానీయండి.

నా పేరు గంగామణి. నాలుగో పందిరిలో కొలను చూసుకోవడం నా పని. నాకంటే ముందు మా అమ్మ చూసుకునేది. కొలను అంటే పెద్దగా ఊహించుకోకండి, ఈ గట్టు మీదినుంచి ఆ గట్టు మీదివాళ్లతో గొంతు పెంచకుండా పోట్లాడుకోవచ్చు. చుట్టూ మామిడి చెట్లు, గట్టు కింద మా పొరుగు నర్సింలు గోంగూర మడి, పైన అద్దాల కప్పు. కప్పు అవతల ఎర్ర దుమ్ము తప్ప పీల్చడానికి ఏమీ లేదు. కుజుడి మీదే పుట్టాం కాబట్టి మాకందరికీ కుజదోషమే. పెళ్లి సంబంధాలప్పుడు ఆ బెంగ ఒక్కటి తప్పింది.

మామిడి కాయాలంటే ఎండ తగలాలని మా పెద్దవాళ్లు భూమి మీది కార్తెల్ని ఇక్కడికి మోసుకొచ్చారు. ఇక్కడి సూర్యుడికీ రోహిణికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా భరణి రాగానే దీపాలు పెంచుతారు, వడగాలి పంకాలు తిప్పుతారు. పగలంతా ఆ పంకాల హోరులో పక్కమనిషి తుమ్మినా వినపడదు. మృగశిర నాడు పంకాలు ఆపి, కప్పు కింది గొట్టాల్లోంచి వాన కురిపిస్తారు. అప్పటిదాకా కొలనులో ఉన్న నీళ్లే నీళ్లు.

ఆ నీళ్లలో మా కొర్రమీనులున్నాయి. మనుషులు కాకుండా, కళ్లు తిప్పి మనవైపు చూసే ప్రాణులు ఈ ఊళ్లో అవే. మృగశిర నాడు చేప తినాలని మాకు తెలుసు, కానీ ఇంతవరకూ ఎవరమూ తినలేదు. ఏటా ఇంగువ బెల్లం ఉండ చప్పరించి, చేప తిన్నట్టే అనుకుని ఇంటికి పోతాం. ఈ యేడు చేపలు బాగా పెరిగాయి. ఇంటికో ముక్క వస్తుందని నేనే మాటిచ్చాను. నీళ్ల పంపకం చూసే స్వరూప ఇంకో మాట కూడా చెప్పింది. మృగశిర నాటికి కొలనులో చేపలు లేకపోతే వాన వంతు ఇవ్వరు, గుంత పూడ్చి నాచు తొట్టి కడతారు. ఇప్పటికే పొద్దునా సాయంత్రం నాచు రొట్టెలే తింటున్నాం.

ఈ యేడే వచ్చిన ఇంకో వింత, తూముకు చెవులు. ఇదివరకు చక్రం తిప్పి తూము తెరిచేదాన్ని. ఇప్పుడు ఆ పని నీరటిది. పూర్వం చెరువు తూము దగ్గర ఉండి పొలాలకు నీళ్లు పంచే మనిషిని నీరటి అనేవాళ్లట, అదే పేరు ఈ మిషన్‌కు పెట్టారు. గట్టులో పాతిపెట్టి ఉంటుంది, నోరు లేదు. నేను "నీళ్లొదులు" అంటే చాలు, కింది మడికి ఒక తడికి సరిపడా నీళ్లు మట్టిలోని గొట్టం గుండా వదిలి, దానంతటదే మూసుకుంటుంది. పంకాల హోరులోనూ అది పోల్చుకునే నా గొంతే కొలను తూముకు తాళంచెవి. ఎండాకాలం తూము మూసే ఉంచుతాం కాబట్టి ప్రస్తుతానికి దానికి పని లేదు.

ఇవాళ పాకుడు తీశాను, రాలిన మామిడాకులు ఏరాను, ఎరువు గుంటలోంచి వానపాములు తెచ్చి చేపలకు వేశాను. నీడకు ఒక గుడ్డ కావాలని అడిగితే లేదన్నారు. ఇక గుడ్డకు నీళ్లొదులుకున్నాను.

భరణి, చివరి రోజుల్లో

గుడ్డ లేకపోతే ఏం, సొరపాదు ఉంది. తీగను తాళ్ల మీదుగా కొలను మీదికి పాకించాను. ఆ నీడలోకి చేపలు వచ్చి చేరుతున్నాయి. ఒక్కొక్కటే పైకొచ్చి, నోరు తెరిచి గాలిని గుటుక్కున మింగి మళ్లీ మునుగుతుంది. నీళ్లలో ఉండేదానికి గాలెందుకో! చిన్నప్పుడు మా అమ్మను అడిగితే "నిన్ను పలకరిస్తున్నయే" అనేది. నేను నమ్మి, ఒక్కోదానికీ తిరిగి నమస్తే పెట్టేదాన్ని. అమ్మ చెప్పిన మాటల్లో ఏది నిజమో ఏది వేళాకోళమో ఇప్పటికీ తేల్చుకోలేను. "ఎండలు ముదిరితే ఇవి పుట్టింటికి పోతయ్" అని కూడా అనేది.

కానీ నీళ్లు తగ్గాయి. నీళ్లలో మునిగి ఉండే కలువ కుండీ అంచు బయటపడింది. మామూలుగా రోహిణి నడిమికి గానీ కనపడని అంచు అది. ఎండ ఎక్కువ పెట్టారేమోనని దీపాలవాళ్లను అడిగాను, నిరుడు ఎంతో ఈ యేడూ అంతేనన్నారు.

పొద్దున గుమ్మంలో ఒక గోంగూర కట్ట ఉంది. నర్సింలు పెట్టి పోయాడట. ఇన్నేళ్లలో నాకు ఒక్క ఆకు ఇచ్చిన పాపాన పోలేదు ఆ మనిషి. ఎండాకాలంలో ఇంత లేత గోంగూర ఎలా వచ్చిందో. పచ్చడి చేసుకుని నాచు రొట్టెతో తిన్నాను, బ్రహ్మాండంగా ఉంది. చేపల పులుసులో ఇది వేస్తే ఎలా ఉంటుందోనని కూడా ఆలోచించాను. ఈ కొలను దిగులుతో నిద్రకు ఎప్పుడో నీళ్లొదులుకున్నాను గానీ ఆకలి మాత్రం బాగానే వేస్తోంది.

కృత్తిక కార్తె

మనుషుల్ని అడిగి లాభం లేదు, నీళ్లనే అడుగుదామనుకున్నాను. ఒక బకెట్ నిండా నీళ్లు పోసి కొలను మెట్టు మీద పెట్టాను. లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో బొగ్గుతో గీత గీశాను. కొలను రాతి మీద అలాంటిదే ఇంకో గీత. రెండింటి మీదా ఒకే ఎండ, ఒకే వడగాలి. ఎండే తాగేస్తుంటే రెండూ సమానంగా తగ్గాలి.

కొన్నాళ్లు చూశాను. బకెట్ కొంచెమే తగ్గింది. కొలను మాత్రం గీతను వదిలేసి కిందికి జారిపోయింది. అంటే ఎండ కాదు. నాకు భయం వేయాలి గానీ, నిజం చెప్పాలంటే భలే హుషారు వచ్చింది. దొంగ ఉన్నాడు, పట్టుకోవాలి.

ముందు మట్టిని అనుమానించాను. నీళ్లలో కొంచెం పసుపు కలిపి గట్టు వెంబడి వదిలాను. పగుళ్లుంటే పసుపు అటువైపు లాక్కుపోవాలి. పంకాల గాలికి సుడులు తిరిగిందే తప్ప ఎటూ పోలేదు. తూము మూత తడిమి చూశాను, గట్టిగా మూసే ఉంది. మామిడి వేళ్లు తాగుతున్నాయా అంటే, అవి అటువైపు గట్టులో ఉన్నాయి, ఇటు రాలేదు. స్వరూప దగ్గరికి పోయాను. ఆ పిల్ల నన్ను అత్త వరుస పెట్టి పిలుస్తుంది గానీ నీళ్ల దగ్గర ఏ వరుసా పనిచేయదు.

"పందిరిలకెల్లి చుక్క బయటికి పోదు గంగత్తా. నీ నీళ్లు పందిరిలనే ఉన్నై. యాడున్నయో నువ్వే సూస్కోవాలె" అంది.

"గా సంగతి నాకు తెల్వదా బిడ్డా? జెరన్ని పోయిస్తవా అని అడుగుతున్న."

"మృగశిర దాక నేను పొయ్యలేను. ఉన్నయన్నీ మామిడి చెట్లకే రాసిచ్చిన."

వచ్చేసరికి గుమ్మంలో మళ్లీ గోంగూర కట్ట. ఈసారి రెండు. అప్పుడు తట్టింది నాకు. గట్టు కిందే మడి. పంకాల కాలంలో కూడా పచ్చగా నవనవలాడే మడి. తప్పు చేసినవాడికి మనసు పీకదా? అందుకే ఈ కట్టలు. స్వరూప సాయం చేస్తుందనే ఆశకు నీళ్లొదులుకున్నాను, ఈ దొంగను నేనే పట్టుకుంటాను.

కృత్తిక, చివర

కొన్ని రోజులు ఏమీ చెప్పలేదు. వడగాలికి గొంతు పోయింది. నోరు తెరిస్తే పాత తలుపు కిర్రుమన్నట్టు ఉంది. సైగలతోనే పని చేసుకున్నాను.

ఆ రోజుల్లోనే నర్సింలు ఐదో పందిరిలో ఉన్న చెల్లెలింటికి పెళ్లికి పోయాడు. ఆ రోజుల్లో కొలను ఎంత తగ్గిందో తెలుసా? బకెట్ ఎంత తగ్గిందో అంతే. వెంట్రుక వాసి తేడా లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మనిషి ఊళ్లో లేడు, నీళ్లు కదల్లేదు. నిన్న వచ్చాడు. నాకూ నిన్నే గొంతు వచ్చింది, ఆ సంతోషంలో చేపలతో కాసేపు కబుర్లు చెప్పాను, ముక్క దక్కుతుందన్న ఆశకు నీళ్లొదులుకోవాల్సిందేనేమో అని వాటికే మొరపెట్టుకున్నాను. ఇవాళ చూస్తే నీళ్లు మళ్లీ కిందికి పోయాయి. కొలనులో ఇప్పుడు మోకాళ్ల లోతు కూడా లేదు.

రోహిణి కార్తె

చేపలు కనపడడం లేదు.

నీళ్లు బురదబురదగా మడమల దాకా మిగిలాయి. పైకొచ్చి గాలి మింగే నోళ్లు లేవు. లోపలికి దిగి చేత్తో తడిమాను, కర్రతో మెల్లగా కెలికాను. చచ్చి తేలినవి కూడా లేవు. ఒక్క పొలుసు లేదు, వాసన లేదు. చస్తే శవాలుండాలి కదా? బతికుంటే చేపలుండాలి కదా? రెండూ లేవంటే ఎవరో తీసుకుపోయారు. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. మా అమ్మ నాకు అప్పగించి పోయినవి అవి. ఏడుస్తూనే నర్సింలు ఇంటి వైపు గాలి వాసన చూశాను.

కళ్లు తుడుచుకుని నేరుగా వాళ్ల వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద గిన్నె ఉడుకుతోంది. మూత తీశాను.

"ఏందక్కా, ఆకలైతుందా? కూసో, పెడుత" అన్నాడు నర్సింలు. గరిట చేతిలోనే ఉంది. ఆ గిన్నెలో గోంగూర పప్పు తప్ప ఏమీ లేదు.

"నా చేపలేవి?"

"కొలన్ల లేవా?"

"నా నీళ్లేవి?"

నర్సింలు గరిట కింద పెట్టాడు. నెమ్మది మనిషి. భార్య పోయినప్పటినుంచి ఇంకా నెమ్మదించాడు. "గా నీళ్లు నువ్వే పంపుతున్నవనుకున్న గదా అక్కా" అన్నాడు.

"నేనా? నేను పంపుడేంది? రోహిణిల కొలను ఎండవెట్టి నీ గోంగూరకు తడి పెడుతనా? నాకేమన్న పిచ్చా?"

"నేను అడగలే. నువ్వే ఇస్తున్నవని సంబురపడ్డ. మడిల మట్టి మంచిగ తడిసేది. నోరు తెరిచి అడగకముందే ఎవలన్న ఇస్తరా ఈ కాలంల? నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక గోంగూర కట్టలు పెట్టి వచ్చిన."

అబద్ధమని మొహం మీదే అనేశాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ చెప్పను. అతను పొయ్యి మంట తగ్గించాడు. నేను బయటికి వచ్చేటప్పుడు, "పప్పు తిని పో అక్కా, పొద్దటిసంది ఏం తిననట్టున్నది మొఖం" అన్నాడు. అది నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది.

రోహిణి, ఇంకొన్నాళ్లకు

ఇది ఇంట్లోంచి చెబుతున్నాను. రాతపెట్టెను కొలను దగ్గర్నుంచి మోసుకొచ్చి, తలుపేసి, దుప్పటి కప్పి చెబుతున్నాను.

నిన్న పంకాలు ఆగిపోయాయి. ఏదో ఇరుసు పట్టేసిందట, బాగుచేయడానికి కాసేపు ఆపారు. రెండు కార్తెల తర్వాత చెవులకు చల్లగా ఉంది. ఎక్కడో పిల్లలు నవ్వడం, ఎవరింట్లోనో రోట్లో నూరడం అన్నీ వినపడుతున్నాయి. నేను గట్టు మీద కూర్చుని ఈ పెట్టెకు నా గోడు చెప్పుకుంటున్నాను. చేపలు పోయాయి, స్వరూప పట్టించుకోదు, నర్సింలు ఒప్పుకోడు అని చెప్పి, చివరికి నిట్టూర్చి, ఇక ఈ కొలనుకు నీళ్లొదులుకున్నాను అన్నాను.

కాళ్ల కింద టక్‌మంది. తర్వాత గుడగుడ, ఇన్నాళ్లూ పంకాల హోరులో నాకు వినపడని చప్పుడు. మిగిలిన బురదనీళ్లు తూము వైపు జారిపోవడం నా కళ్లతో చూశాను.

కాసేపు అర్థం కాలేదు. ఇంతలో తూము మూసుకుంది. ఇంకెవరైనా అయితే అక్కడితో నోరు మూసుకునేవాళ్లు. నాకు తెలుసుకోవాలనిపించింది. మళ్లీ అన్నాను, ఈసారి తూము వైపు వంగి. నీళ్లొదులుకున్నాను. టక్. గుడగుడ. ఉన్న కొద్దిపాటీ పోయింది. నా కుతూహలం తగలెయ్య!

నీరటి తప్పేమీ లేదు. "నీళ్లొదులు" అన్నంత వరకే అది వింటుంది, వెంటనే వదులుతుంది. ఆ తర్వాత నేను "కున్నాను" అన్నా, ఇంకేమన్నా దానికి పట్టదు. గుడ్డ మీద ఆశ వదులుకుంటే ఒక తడి. నిద్ర వదులుకుంటే ఒక తడి. స్వరూప సాయం మీద ఆశకు ఒక తడి. ఈ పెట్టెకు చెప్పినవి కొన్నే. గట్టు మీద ఒంటరిగా గొణుక్కున్నవి, చేపలతో చెప్పుకున్నవి ఎన్నో. గొంతు పోయిన రోజుల్లో కొలను ఎందుకు తగ్గలేదో ఇప్పుడు తెలిసింది. దొంగ కోసం ఊరంతా వెతికాను, దొంగ నా నోట్లోనే ఉంది.

చక్రం తిప్పే రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు అన్నా ఎవరికీ ఏమీ కాలేదు. ఇంతకీ ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్ల దగ్గర నీళ్లు దండిగా ఉండేవనుకుంటాను. ఏదైనా వద్దనుకుంటే నీళ్లు వదిలి వదులుకునేవాళ్లన్నమాట. ఇక్కడ పుట్టినవాళ్లం, మాకెందుకు ఆ మాట?

పొద్దున నర్సింలు ఇంటికి పోయాను. జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "అయితే నాకు ఎవలూ పంపలేదన్నట్టు" అన్నాడు.

తిట్టినందుకు క్షమాపణ చెప్పడానికి పోయినదాన్ని, పప్పు ఉందా అని అడిగాను. పెట్టాడు. ఇద్దరం గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం.

రోహిణి చివర

కొలను ఎండిపోయింది. అడుగున ఒండ్రు పైన పెచ్చు కట్టి, పెనం మీద మాడిన రొట్టెలా పగిలింది. అయినా రోజూ పోతున్నాను. చేసే పని లేదు, చూడడమే.

ఒక సంగతి మాత్రం అంతుపట్టడం లేదు. పెచ్చులో అక్కడక్కడా రంధ్రాలున్నాయి, వేలు దూరేంత. అంచులు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. చుట్టూ అంతా ఎండిపోయినా రంధ్రం అంచు మాత్రం తడిగా మెరుస్తోంది. ముందు నర్సింలు కర్రతో పొడిచాడేమో అనుకున్నాను. వెంటనే లెంపలేసుకున్నాను, ఆ మనిషిని అనుమానించడం నాకు అలవాటైపోయింది. వానపాములా? ఇంత లావు ఉండవు. కూర్చుని ఒక రంధ్రంలోకి చాలాసేపు చూశాను. ఏమీ కదల్లేదు. లేచేటప్పుడు లోపల ఎక్కడో చిన్న బుడగ పగిలినట్టు వినపడింది, అదీ పంకాల హోరులో. నా చెవుల్ని నేనే నమ్మలేదు.

స్వరూప వచ్చి చూసింది. పిల్ల కఠినురాలు కాదు, దాని పని అలాంటిది. "మృగశిర తెల్లారి పూడుస్తరు గంగత్తా. నేనేం జెయ్యాలె? చేపల్లేని గుంతకు వాన వంతు ఇయ్యమని ఎవల్ని అడగాలె?" అంది. మళ్లీ మళ్లీ గుంతలోకే చూసింది. వాళ్లింట్లో కూడా చేప ముక్క కోసం మసాలా దంచి పెట్టుకున్నారు మరి.

నాకు బదులు చెప్పడానికి ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇక ఆ మాట అనను.

మృగశిర

ఉదయాన్నే పంకాలు ఆపారు. అందరూ కొలను గట్టు మీదే చేరారు, ఎందుకో మరి, అలవాటు కాబోలు. ముందే అనుకున్నట్టుగా చేపల పులుసు వండే పెద్ద గంజు, చింతపండు, మసాలా తెచ్చి ఓ పక్కన పెట్టారు. ఎవరూ దాని వైపు చూడడం లేదు. చేతుల్లో ఇంగువ బెల్లం ఉండలు. పూడ్చేవాళ్ల పారలు కూడా మామిడి చెట్టుకు ఆనించి ఉన్నాయి. నాకు మా అమ్మ మొహం ఒకటే గుర్తొస్తోంది.

ఈ యేడు వాన కూడా తూముకు చెప్పే ఆ నోటిమాటతోనే. ఎవరి మడి మీది గొట్టం వాళ్ల గొంతు వింటుంది. కొలను గొట్టం ఒక్కటి కట్టేశారు. అందరూ ఒకరి తర్వాత ఒకరు మాట చెబుతున్నారు, బెండ మీద, టమాట మీద, వంగ మీద వాన పడుతోంది. భూమి మీద వాన దబదబా పడుతుందని చెబుతారు. ఇక్కడ తీరిగ్గా, చుక్క చుక్కనూ చూడనిస్తూ దిగుతుంది.

నర్సింలు మాత్రం తన గొట్టం కింద నిచ్చెన వేసుకుని నిలబడ్డాడు. దాని మూతిని మడి మీదినుంచి తిప్పి, కొలను మీదికి పెట్టాడు. స్వరూప పరిగెత్తుకొచ్చింది.

"కాకా! ఏం జేస్తున్నవ్? ఎండిన గుంతల పోస్తవా?"

"నా వంతు నాదే గదా బిడ్డా."

"మడికని ఇచ్చిన్రు. వేరేదానికి పొయ్యాలంటే అందరు ఒప్పుకోవాలె, ఓటు పెట్టాలె. నీ గోంగూర సచ్చిపోతది."

నేను కూడా అరిచాను. "నర్సింలూ, వద్దు! నాకోసం నీ మడి ఎండవెట్టకు!"

నర్సింలు నిచ్చెన మీదినుంచి నావైపు చూశాడు. "ఎండకాలమంత నాకు తడి వెట్టినవు. తెల్వక వెట్టినా తడి తడే గదా అక్కా" అన్నాడు. తర్వాత స్వరూప వైపు తిరిగాడు. "ఓటు ఎప్పుడు పెడుతవో పెట్టుకో బిడ్డా. ఈ యేడు గోంగూరకు నేను నీళ్లొదులుకున్న, పో!"

గొట్టం తెరుచుకుంది.

తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నేను చెప్పలేను, అడిగితే చెప్పడు. నీళ్లు వచ్చి కొలనులో పడ్డాయి. గట్టు మీద ఉన్నవాళ్లం సగం మంది తడిశాం, బెల్లం ఉండలు చేతుల్లోనే కరిగాయి. స్వరూప "ఆపు కాకా, ఆపు!" అంటోంది. ఎండిన పెచ్చు మీద నీళ్లు పరుచుకున్నాయి, పగుళ్లలోకి దిగాయి, రంధ్రాల్లోంచి బుడగలు వచ్చాయి.

ముందు చూసింది నేనే. కలువ కుండీ పక్కన బురద ఉబ్బింది. ఎవరో లోపలినుంచి భుజంతో తలుపు తోస్తున్నట్టు మళ్లీ ఉబ్బింది. పెచ్చు పగిలి, నల్లగా, చదునుగా, పాములాంటి తల ఒకటి బయటికి వచ్చింది. ఒళ్లంతా బురద. నోరు తెరిచి, గాలిని గుటుక్కున మింగి, మమ్మల్నందర్నీ చూసింది. నేను గట్టు మీదినుంచి రెండు చేతులూ ఎత్తి నమస్తే పెట్టాను. పక్కన ఇంకొకటి లేచింది. సొరపాదు నీడలో రెండు. తూము దగ్గర ఒకటి. తర్వాత లెక్కపెట్టడం మానేశాను, ఏడుపు ఆగలేదు.

అమ్మ వేళాకోళం చేయలేదు. ఆ బురదే వాటి పుట్టిల్లు. నీళ్లలో ఉండేదానికి గాలెందుకో కూడా ఇప్పుడు తెలిసింది. నేను పోయాయని ఏడుస్తుంటే అవి నా కాళ్ల కిందే, రంధ్రాల్లోంచి ఊపిరి పీలుస్తూ వాన కోసం కూర్చున్నాయి. కర్రతో కెలికినందుకు ఏమనుకున్నాయో.

స్వరూప గట్టు దిగి, బురదలో కాళ్లు పెట్టి అలాగే కూర్చుండిపోయింది. ఒక చేప ఆమె పాదం పక్కనుంచి జారిపోతే చిన్నపిల్లలా కిసుక్కుమంది. వెనకనుంచి ఎవరో మెల్లగా అడిగారు.

"మరి గంజు పొయ్యి మీద పెట్టాల్నా?"

అందరూ స్వరూప వైపు చూశారు. చేపలున్నాయి, మాటిచ్చాం, మసాలా దంచి ఉంది. స్వరూప తల తిప్పకుండానే, "గంజు మీద మూత పెట్టుండ్రి" అంది. తర్వాత చేయెత్తి పైకి చూపించి, "కొలను గొట్టం కట్టు ఇప్పుండ్రి" అంది. చేతులకు అంటుకున్న ఇంగువ బెల్లాన్ని అందరం నాకేశాం. ఇంత రుచిగా ఎప్పుడూ లేదు.

ఇంతవరకూ ఇంట్లో దుప్పటి కప్పుకుని చెప్పాను. మిగతాది గట్టు మీదినుంచి. పెట్టెను మళ్లీ ఇక్కడికి తెచ్చాను.

సాయంత్రమైంది. కలువ కుండీ అంచు మునిగింది. చేపలు ఒక్కొక్కటే వచ్చి పలకరించి పోతున్నాయి. పంకాలు లేవు కాబట్టి ఆ గుటకలు కూడా వినపడుతున్నాయి. పందిరి మొత్తంలో ఇవాళ తడవనిది ఒక్క నర్సింలు మడే. గోంగూర తలలు వాల్చేసింది. అతను గట్టు కింద కూర్చుని, ఏమీ పట్టనట్టు కలుపు తీస్తున్నాడు. ఎండిన మట్టిలో కలుపేముంటుంది?

నేను ఇక్కడ ఉన్నట్టు అతనికి తెలుసు. పైకి చూడడం లేదు. ఈసారి ఎవరూ పొరపాటు పడకూడదని గట్టిగా, అతనికి వినపడేలా చెబుతున్నాను. వెనకాల తోక మాట ఏదీ తగిలించను. మడి బాగా ఎండింది, ఒక తడి చాలదు, అందుకని రెండుసార్లు చెబుతాను.

నీరటీ, విను. నీళ్లొదులు. నీళ్లొదులు.